ఓపెన్ సోర్స్ సొంతంగా నేర్చుకుందాం – 5వ పాఠం: కలపకుండా చీలిపోవడం ఎందుకు?

పోయిన పాఠంలో మన మార్పును పుల్ రిక్వెస్టుగా, అంటే ‘ఇది మీ ప్రాజెక్టులో కలుపుకోండి’ అనే అభ్యర్థనగా, పంపడం నేర్చుకున్నాం. అది పంపాక చాలామందికి ఎదురయ్యే సంగతి ఈ పాఠం. కోడు పనిచేస్తుంది, టెస్టులు పాసయ్యాయి, అయినా అవతలివాళ్లు కలుపుకోరు. అప్పుడు కోపం వచ్చి ‘నా కాపీ నేనే నడుపుకుంటా’ అనిపిస్తుంది. ఫోర్కు, అంటే అసలు నుంచి చీలి విడిగా నడిచే కాపీ, పుట్టేది చాలాసార్లు అక్కడే.

మా దగ్గర అమలాపురంలో ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చే ఒక కుర్రాడి సంగతి చెబుతాను. వాళ్ల బాబాయిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. అక్కడ ధర వెయ్యి కాయల లెక్కన చెబుతారు. వాళ్లు వాడే ఓపెన్ సోర్స్ బిల్లింగ్ ప్రోగ్రాంలో మాత్రం ఒక్కో కాయ ధరే వేయాలి, అదీ పైసల వరకే. వెయ్యి కాయలు 12,525 రూపాయలు అనుకోండి. కాయకు 12.525 అవుతుంది, ప్రోగ్రాం దాన్ని 12.53 చేస్తుంది. 2,350 కాయలకు రావలసింది 29,433.75 అయితే, బిల్లు మీద 29,445.50 పడుతుంది. తేడా 11 రూపాయల 75 పైసలు. రైతు ముందు కూర్చుని లెక్క చెప్పేవాడికి అది చిన్న విషయం కాదు.

కుర్రాడు కోడు తెరిచి, లెక్కకట్టే చోట వెయ్యితో భాగించి పంపాడు. ప్రాజెక్టు చూసుకునే ఆయన ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చేస్తాడు. ‘కోడు బాగుంది. కానీ స్టాకు, పన్ను, రిపోర్టులు అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి. రేపు ఇవి తప్పితే ఎవరు సరిచేస్తారు?’ అని జవాబిచ్చాడు. మావాడికి అది అవమానంగా తోచింది. నాకైతే ఆ ప్రశ్న న్యాయంగానే అనిపించింది. కోడు కలపడం ఒక పూట పని, కలిపాక దాన్ని మోయడం ఏళ్ల తరబడి పని. ఆ మోత ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లే ‘వద్దు’ అంటారు.

మావాడు విడిగా వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలకు అసలు ప్రాజెక్టులో బిల్లు టేబుల్ మొత్తం మారింది. అక్కడి కొత్త మార్పుల్ని తెచ్చుకోబోతే ఫైలు ఫైలుకీ కాన్‌ఫ్లిక్ట్. అంటే ఒకే చోటును ఇద్దరూ రెండు రకాలుగా మార్చారు, ఏది ఉంచాలో చేత్తో తేల్చాలి. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇలాంటివే జరిగాయి, కాకపోతే కారణాలు ఇంకొన్ని. రాసిన కోడును కంప్యూటరు నడపగలిగేలా మార్చే జీసీసీ కంపైలర్‌లో కొత్త మార్పులు లోపలికి వెళ్లడం మరీ నెమ్మదైపోయిందని 1997లో కొందరు ఈజీసీఎస్ పేరుతో విడిపోయారు. అసలు జీసీసీలో వచ్చే మార్పుల్ని మాత్రం తమవైపు కలుపుకుంటూనే వచ్చారు. దూరం పెరగలేదు కాబట్టే 1999లో ఈజీసీఎస్‌నే అధికారిక జీసీసీగా ఒప్పుకోగలిగారు. సర్వర్లలో జావాస్క్రిప్ట్ కోడు నడిపే నోడ్ జేఎస్ నుంచి చీలిన ఐఓ జేఎస్ కూడా 2015లో తిరిగి కలిసింది. అక్కడ గొడవ కోడు గురించి కాదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నదాని గురించి. ఆ పద్ధతి మారాక విడిగా ఉండే అవసరం పోయింది.

డాక్యుమెంట్లు, లెక్కల పట్టికలు చేసుకునే ఓపెన్ ఆఫీస్ కథ వేరు. దాన్ని నడిపిన సన్ కంపెనీ ఉన్నప్పుడు, మార్పు పంపేవాళ్లు కాపీరైట్ హక్కులో దానికీ భాగం ఇస్తూ సంతకం పెట్టాల్సి వచ్చేది. అది ఇష్టం లేనివాళ్ల మార్పులు బయటే పోగుపడ్డాయి. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది, అదే ఏడాది సెప్టెంబరులో లిబ్రె ఆఫీస్ వేరుపడింది. 2011లో ఒరాకిల్ ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. ఇక ఇద్దరూ కలవొచ్చు కదా అంటే, లైసెన్సులు అడ్డం. అపాచీ లైసెన్సులో ఉన్న కోడును లిబ్రె ఆఫీస్ తీసుకోవచ్చు. లిబ్రె ఆఫీస్ కోడును ఓపెన్ ఆఫీస్‌లోకి తేవాలంటే రాసినవాళ్ల అనుమతి కావాలి. మన పి.గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: పైన కాలువ, కింద గోదావరి పాయ వైనతేయ. పై నీటిని కిందికి వదలొచ్చు, కింది నీరు తనంతట తాను పైకెక్కదు.

ఇప్పుడు చేతిపని. మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రాంతో మీ కాపీ అసలుకు ఎంత దూరం జరిగిందో కొలుద్దాం. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్లో ఇంగ్లీషులోనే కొట్టాలి. ముందు ‘గిట్ రిమోట్ యాడ్ అప్‌స్ట్రీమ్’ అని, పక్కన అసలు ప్రాజెక్టు అడ్రసు. తర్వాత ‘గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్’. ఇక ‘గిట్ మెర్జ్-బేస్ మెయిన్ అప్‌స్ట్రీమ్/మెయిన్’ కొడితే ఒక పొడవాటి ఐడీ వస్తుంది. రెండు పాయలకూ ఉమ్మడిగా ఉన్న ఆఖరి కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) అదే. దాని తేదీ ‘గిట్ షో’తో చూడండి. చివరగా ‘గిట్ రెవ్-లిస్ట్ --లెఫ్ట్-రైట్ --కౌంట్ అప్‌స్ట్రీమ్/మెయిన్...మెయిన్’. మధ్యలో మూడు చుక్కలు తప్పనిసరి. రెండు అంకెలు వస్తాయి: మొదటిది వాళ్ల దగ్గరే ఉన్న కమిట్లు, రెండోది మీ దగ్గరే ఉన్నవి. మొదటి అంకె వారం వారం పెరుగుతూ మీరు తెచ్చుకోకపోతే, కలిసే దారి మూసుకుపోతున్నట్టే.

మావాడు చివరికి ఏం చేశాడంటే, వెయ్యి అన్న అంకెను కోడులోంచి తీసేసి ‘ఈ ధర ఎన్నింటికి?’ అని ఒక గడి పెట్టాడు. ఏమీ వేయకపోతే 1. కాయలకు, ఇటుకలకు వెయ్యి, కోడిగుడ్లకు వంద. పాత బిల్లుల లెక్క మారదని చూపే టెస్టులు రాశాడు, ఏడాదిపాటు వచ్చే బగ్గులు తానే చూస్తానన్నాడు. ఆయన కలుపుకున్నాడు. బాబాయి కొట్టుకే పనికొచ్చే బిల్లు ప్రింటు నమూనా మాత్రం ఇప్పటికీ మావాడి కాపీలోనే ఉంది, దాన్ని పంపాల్సిన పనీ లేదు.

వచ్చే పాఠానికి మీ పని: మీ కాపీలో ఉన్న మార్పుల్ని ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ‘ఇది ఇంకెవరికి పనికొస్తుంది?’ అన్నదానికి జవాబు రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రీబేస్, అంటే మన మార్పుల్ని అసలు ప్రాజెక్టు తాజా కోడు మీద మళ్లీ పేర్చడం, మొదలుపెడదాం.