ల్యాప్‌టాప్ కొనే ముందు చూసుకోవాల్సినవి

పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరగానే నల్గొండలో ఇంటింటా ఇదే టెన్షన్: ఇక్కడే కొనాలా, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పోవాలా?

ముందు ఏ పనికో తేల్చుకోండి. ఆన్‌లైన్ క్లాసులు, టైపింగ్‌కైతే 8 జీబీ ర్యామ్ (పని నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ) చాలు. కోడింగ్‌కు 16 ఉంటే మంచిది. తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా అని తప్పకుండా అడగండి, కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది వద్దు, ఎస్‌ఎస్‌డీ (అంతకన్నా చాలా వేగంగా పనిచేసే స్టోరేజీ) ఉండాల్సిందే.

ప్రాసెసర్ (ల్యాప్‌టాప్‌కు మెదడు లాంటి చిప్) ఏదంటే "ఐ5 సార్" అనగానే తల ఊపకండి. వెనకున్న నంబరు చూడండి. ఐ5-8250యూ అంటే 8వ తరం, 2017 నాటిది. ఐ5-1235యూ అంటే 12వ తరం. పేరొకటే, పనితీరులో చాలా తేడా.

సీటీసీలో మోడళ్లు ఎక్కువ, బేరానికి వీలుంటుంది. కానీ రిపేరు వస్తే వంద కిలోమీటర్లు మోసుకుపోవాలి. వెయ్యి, రెండు వేల తేడాకైతే మన ఊళ్లోనే కొనడం నయమని నా అభిప్రాయం. ఎక్కడ కొన్నా, దగ్గరి సర్వీస్ సెంటర్ ఎక్కడో, ఇంటికొచ్చి చేస్తారో లేదో ముందే కనుక్కోండి.

డబ్బు కట్టే ముందు:
- సీల్ మీ ముందే తీయించండి.
- డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో సీరియల్ నంబరు ఒకటే ఉండాలి.
- బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. వారంటీ అడిగేటప్పుడు జీఎస్టీ బిల్లే ఆధారం.
- సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి.
- తెర మొత్తం తెల్లగా పెట్టి, నల్ల చుక్కలున్నాయేమో వెతకండి.