స్లేటర్ మిల్లు దయ్యాల కథలను చరిత్రతో సరిచూడడం ఎలా

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో, పాటకెట్ పట్టణంలో, బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున ఉన్న స్లేటర్ నూలుమిల్లులో మనుషులు లేని వేళ పిల్లల గొంతులు, అడుగుల చప్పుడు వినిపిస్తాయని చెప్పుకుంటారు. అక్కడికి వెళ్లేవారు ఆ కథను కొట్టిపారేయనక్కరలేదు, నమ్మేయనూ అక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ గదిలో విన్నారన్నది ముందుగా విడివిడిగా రాసుకోవాలి.

ఆపైన కాలాన్ని సరిచూడాలి. శామ్యూల్ స్లేటర్ నీటిబలంతో నూలు వడకడం మొదలుపెట్టింది 1790 డిసెంబరులో. అదీ ఈ భవనంలో కాదు, అదే పట్టణంలోని మరో చిన్న కర్మాగారంలో. ఈ మిల్లును 1793లో కట్టారు. తరువాత పలుమార్లు పెంచారు, 1920లలో మరమ్మతు చేసినప్పుడు దాదాపు 1835 నాటి రూపానికి తెచ్చారు. అందువల్ల ఎవరైనా ఒక మూల చూపించి, తొలినాళ్ల పిల్లవాడు ఇక్కడే తిరుగుతుంటాడని చెబితే, ఆ మూల అప్పటికి కట్టి ఉందా అని అడగడం న్యాయమైన ప్రశ్న. చాలా కథలు ఈ ఒక్క ప్రశ్నకే తడబడతాయి.

పిల్లల ప్రస్తావన మాత్రం కల్పన కాదు. స్లేటర్ దగ్గర మొదట పనిచేసినవారు ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు. తెగిన పోగు అతకడం, నిండిన కండె తీసి ఖాళీది పెట్టడం వంటి పనులు వారివే. వడికే యంత్రం ముందు నిలబడి, కండెల వరుస ఎంత ఎత్తున ఉందో, ఏడేళ్ల పిల్ల చెయ్యి అక్కడికి ఎలా అందుతుందో చూస్తే, ఏ దయ్యం కథా చెప్పనంత సంగతి అర్థమవుతుంది.

చప్పుళ్ల విషయానికి వస్తే, పక్కనే 1810 ప్రాంతంలో కట్టిన విల్కిన్సన్ మిల్లు ఉంది. అక్కడ తిరిగి నిర్మించిన నీటిచక్రం నడుస్తున్నప్పుడు ఇరుసు, పళ్లచక్రాలు, తోలుపట్టీలు చేసే శబ్దాన్ని విని, చక్రం ఆగాక ఆనకట్ట మీద నీటి హోరును, ఎండకూ చలికీ కదిలే కొయ్య దూలాల చిటపటలను వేరుగా గమనించాలి.

కథలో ఎవరైనా చనిపోయినట్టు ఉంటే, పేరూ సంవత్సరమూ అడిగి, పట్టణ మరణ నమోదు పుస్తకాలలోనూ ఆనాటి పత్రికలలోనూ వెతకాలి. అవి దొరకనప్పుడు ఆ సంగతిని చరిత్ర కింద కాక, చెప్పుకునే మాటగానే రాసుకోవాలి.