చేపల గాలానికుండే స్పిన్నింగ్ రీల్‌లో దారం చిక్కుపడుతుంటే: నా అనుభవం

తిరుపతి నుంచి ఆదివారాలు పిచ్చాటూరు అరణియార్ జలాశయానికి వెళ్లినా, తూపిలిపాళెం బీచ్‌కు వెళ్లినా ఇదే గోల: గాలం విసరగానే దారం చుట్టలు చుట్టలుగా ఊడి పీటముడి పడేది. కొత్త దారం, స్వివెల్ (దారానికి పురి ఎక్కకుండా గుండ్రంగా తిరిగే చిన్న లోహపు ముక్క), తేలిక బరువు, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది దారానికి ఎక్కిన పురి (మెలిక) విప్పడం. కొక్కెం, బరువు, స్వివెల్ అన్నీ తీసేసి, పారే కాలువలోకి ఉత్త దారాన్నే స్పూల్ (రీల్‌లో దారం చుట్టి ఉండే భాగం) సగం దాకా వదిలాను. నీళ్లు లాగుతుంటే కొస గిరగిరా తిరుగుతూ పురి విడిపోవడం కళ్లకు కనిపిస్తుంది. కాసేపాగి, దారాన్ని రెండు వేళ్ల మధ్య బిగించి మెల్లగా చుట్టి, స్పూల్ అంచుకు 2 మిల్లీమీటర్లు కిందే ఆపాను. ఇప్పుడు విసిరాక బెయిల్‌ను (దారాన్ని పట్టి స్పూల్ మీదికి చుట్టే తీగ) చేత్తోనే మూసి, దారాన్ని ఒక్కసారి లాగాకే హ్యాండిల్ తిప్పుతున్నా. చేప గట్టిగా లాగినప్పుడు డ్రాగ్ (దారం తెగకుండా కాస్త వదిలే బిగింపు) జారి దారం బయటికి పోతుంటే హ్యాండిల్ అస్సలు తిప్పొద్దు, పురి ఎక్కేది అక్కడే!

నాది నైలాన్ దారం, చిన్న రీల్. బ్రెయిడ్‌కూ (అల్లిన దారం) ఇదే సరిపోతుందని మాత్రం అనను. బీచ్‌లో ఎదురుగాలికి ఇంకా అప్పుడప్పుడు చుట్టలు వస్తున్నాయి, కానీ బాగా తగ్గాయి.