హెచ్‌ఓఏ ఇంట్లో హామ్ రేడియో: ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది, మరి హోరు ఎక్కడిది?

"అన్నా, పెరట్లో వైరు కట్టాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 చూపిస్తోంది. కానీ బ్యాండంతా హోరు, నేను పిలిస్తే ఎవరూ పలకట్లేదు." అమెరికాలో ఇల్లు కొనుక్కుని, హామ్ రేడియోలో (అభిరుచిగా నడిపే రేడియో) జనరల్ లైసెన్సు దాకా వచ్చిన మనవాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినే మాట ఇదే. (ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరగా ఉంటే మంచిది.) కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: "హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు టవర్ వేసుకోనివ్వరు కదా, అందుకే." టవర్ లేకపోతే దూరపు స్టేషన్లు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. హోరు ఎస్9 (సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద పెద్ద గుర్తు) దగ్గర కూర్చోవడానికీ, పక్కింటివాళ్ల స్పీకర్లో మీ గొంతు పలకడానికీ మాత్రం టవర్‌తో పనిలేదు.

సమస్య: కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది

ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన సీసీ అండ్ ఆర్ (కాలనీ నిబంధనల ఒప్పందం) కాగితాలు తీసి, యాంటెన్నా అన్న మాట ఎక్కడుందో చూడండి. ఎవరూ చదవరు, నేరుగా వాదనకు దిగుతారు. కొన్ని కాలనీల్లో "వీధిలోంచి కనిపించే యాంటెన్నా" కుదరదని ఉంటుంది, కొన్నింట్లో "ఇంటి బయట ఏ యాంటెన్నా అయినా" కుదరదని ఉంటుంది. మొదటి రకంలో వెనక పెరట్లో సన్నటి నల్లవైరుకు చోటుంది. రెండో రకంలో ఆటిక్ (పైకప్పు కింది ఖాళీ), లేదంటే రాతపూర్వకంగా అనుమతి.

వాదించేవాళ్లు తెచ్చే చట్టాలు మూడు. 1985లో ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) ఇచ్చిన పీఆర్‌బీ-1 (హామ్ యాంటెన్నాలకు తగిన వీలివ్వాలన్న ఆదేశం) నగరాలకూ కౌంటీలకూ వర్తిస్తుంది, మీరు ఒప్పుకుని సంతకం పెట్టిన ప్రైవేటు ఒప్పందానికి వర్తించదు. 1996 నాటి ఓటార్డ్ రూలు ఒక మీటరు లోపు డిష్‌లను, టీవీ యాంటెన్నాలను కాపాడుతుంది, హామ్ యాంటెన్నాను కాదు. 2005 నాటి జెండా చట్టం జెండా ఎగరేసుకోనిస్తుంది గానీ ఎక్కడ, ఎలా అన్నదాని మీద తగిన షరతులు పెట్టే వీలు సంఘానికి అలాగే ఉంది. కాబట్టి ఫ్లాగ్‌పోల్ యాంటెన్నా (జెండా స్తంభంలా కనిపించేది) ఆర్డర్ పెట్టే ముందే స్తంభానికి అనుమతి తెచ్చుకోండి. ట్యూనర్‌ను (యాంటెన్నాను రేడియోకు కుదిర్చే పెట్టె) స్తంభం మొదట్లో పెట్టాలి, రేడియో పక్కన కాదు. స్తంభం చుట్టూ నేల మీద పరిచే రేడియల్ వైర్లను పచ్చికలో యూ పిన్నులతో అదిమితే కొన్నాళ్లకు గడ్డే కప్పేస్తుంది.

సమస్య: బ్యాండంతా హోరు

ఒక్క పని చేయండి. రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ బ్రేకర్ ఆపండి. యూపీఎస్‌లు కూడా ఆపండి, కరెంటు పోయినా అవి హోరు పుట్టిస్తూనే ఉంటాయి. ఎస్ మీటర్ పడిపోయిందా? దొంగ ఇంట్లోనే ఉన్నాడు. బ్రేకర్లను ఒక్కొక్కటిగా వేస్తూ పోతే ఏ గదిలో ఉన్నాడో కూడా తెలిసిపోతుంది. ఎంతమందికి చెప్పినా ఈ పని చేయరు. కొత్త యాంటెన్నా కొంటారు, ఫిల్టర్ కొంటారు, పావుగంట కరెంటు ఆపడానికి మాత్రం మనసొప్పదు. ఇంట్లో ఎవరూ ఆఫీసు మీటింగులో లేని సమయం చూసుకుని ఆపండి, అంతే.

సాధారణంగా దొరికేవి చవకరకం అడాప్టర్లు, ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ట్రెడ్‌మిల్, వేగం మారే పూల్ పంపు. హోరు పగలు ఉండి రాత్రి పోతుంటే సోలార్ వైపు చూడండి. అడాప్టర్ అయితే మార్చేయండి, బాగుచేయాలని కూర్చోవద్దు.

మెయిన్ ఆపినా హోరు అలాగే ఉంటే అది బయటిది. రాత్రిపూట చిన్న రేడియో పట్టుకుని వీధిలో నడిస్తే ఎక్కడ పెరుగుతోందో తెలుస్తుంది.

సమస్య: ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది, అయినా యాంటెన్నా సరిగా పనిచేయట్లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. హెచ్‌ఓఏ ఇళ్లలో ఎక్కువమంది కట్టేది ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ (ఒక కొస నుంచి పవర్ ఇచ్చే, సగం వేవ్‌లెంగ్త్ పొడవు వైరు): 49:1 ట్రాన్స్‌ఫార్మర్ (వైరుకూ కేబుల్‌కూ జోడీ కుదిర్చేది) కిటికీ పక్కనో చూరు కిందో, అక్కడి నుంచి 40 మీటర్ల బ్యాండుకు సుమారు 66 అడుగుల వైరు వెనకున్న చెట్టు మీదికి. ఒకే కొస, ఒకే వైరు, ఎవరికీ కనిపించదు. బాగుంది. కానీ వైరులోకి వెళ్లిన కరెంటుకు సరిసమానంగా తిరుగు కరెంటు ఎక్కడో ఒకచోట పారాలి. డైపోల్‌లో (మధ్యలో పవర్ ఇచ్చే రెండు చేతుల యాంటెన్నా) అయితే రెండో చేయి ఉంది. ఇక్కడ రెండో చేయి మీ కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగే. తొడుగు లోపలి ముఖం ఒక దారి, బయటి ముఖం ఇంకో దారి. బయటి ముఖం మీద పారే కరెంటునే కామన్ మోడ్ అంటారు.

ఆ కోయాక్స్ ఎటు వెళ్తోంది? గోడలోంచి లోపలికి, రౌటర్ పక్కగా, టీవీ వెనక నుంచి మీ టేబుల్ మీదికి. అంటే మీ యాంటెన్నాలో ఒక భాగం ఇంట్లోనే ఉంది. ఇంట్లో ప్రతి అడాప్టర్ వదిలే చెత్తా ఆ తొడుగు మీదికెక్కి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, అక్కడి నుంచి సిగ్నల్‌లా రేడియోలోకి దిగుతుంది. మీరు మాట్లాడినప్పుడు అదే దారి తిరగబడుతుంది: స్పీకర్లు గురగురమంటాయి, డోర్‌బెల్ దానంతటదే మోగుతుంది, కొత్త ఇళ్లలో బెడ్‌రూమ్ సర్క్యూట్ల ఏఎఫ్‌సీఐ బ్రేకర్లు (వైర్లలో నిప్పురవ్వల్ని పసిగట్టి కరెంటు ఆపేవి) ట్రిప్ అవుతాయి. మూడు వేర్వేరు సమస్యలని మూడుసార్లు ఫోన్ చేస్తారు. ఒకటే జబ్బు.

"పార్కుకు తీసుకెళ్తే ఇదే వైరు అద్భుతంగా పనిచేసింది కదా" అంటారు. పార్కులో కోయాక్స్ గడ్డి మీద ఉంది, దాని చుట్టూ అడాప్టర్లు లేవు.

ఎస్‌డబ్ల్యూఆర్ దీన్ని పట్టుకోలేదు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) కూడా 1.0 చూపిస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడగలం? ఇలా పరీక్షించండి. కోయాక్స్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరుపుతుంటే హోరు మారుతోందా? మధ్యలో ఇంకో పది అడుగుల ముక్క కలిపితే ఎస్‌డబ్ల్యూఆర్ గట్టిగా మారుతోందా? రెండింట్లో ఏ ఒక్కదానికి అవును అన్నా తొడుగు మీద కరెంటు ఉన్నట్టే.

మందు కామన్ మోడ్ చోక్, అంటే తొడుగు మీది కరెంటును అడ్డుకునేలా ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) మీద చుట్టిన కోయాక్స్. అమెజాన్‌లో దొరికే క్లిప్ ఫెర్రైట్ ఒక్కటి తగిలించి "పెట్టాను, తేడా లేదు" అనొద్దు. 7 మెగాహెర్ట్జ్ (40 మీటర్ల బ్యాండు) దగ్గర అలాంటి ఒక ఫెర్రైట్ పూసలోంచి ఒక్కసారి వెళ్లిన కోయాక్స్‌కు వచ్చే అడ్డు కొన్ని పదుల ఓములే, మనకు కావలసింది వేలల్లో. చుట్ల సంఖ్య పెరిగితే అడ్డు దాదాపు దాని వర్గంలా పెరుగుతుంది: పది పూసలు వరసగా గుచ్చితే పది రెట్లు, ఒకే కోర్ మీద పది చుట్లు చుడితే సుమారు వంద రెట్లు. ఎఫ్‌టీ240-31 కోర్ (పెద్ద ఫెర్రైట్ ఉంగరం) ఒకటి కొని ఆర్‌జీ-316 లేదా ఆర్‌జీ-58 కోయాక్స్‌ను 10 నుంచి 12 చుట్లు చుట్టండి. 31 రకమే చూసి తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉండేది సాధారణంగా 43 రకం. అటుది ఇటు పెట్టొద్దు.

చాలామంది వదిలేసేది ఇక్కడే. చోక్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనించి పెడతారు, ఎస్‌డబ్ల్యూఆర్ చెడిపోతుంది, "చోక్ పనికిరాదు" అని తీసి డబ్బాలో పడేస్తారు. చెడిందంటే చోక్ పనిచేసిందన్నమాట! ఇన్నాళ్లూ రెండో చేయిగా ఉన్న తొడుగును అది మూసేసింది, మీరు దానికి బదులు ఇంకేమీ ఇవ్వలేదు. ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండ్ స్క్రూకు చిన్న కౌంటర్‌పాయిజ్ వైరు (తిరుగు కరెంటుకు దారి ఇచ్చేది) కట్టండి. వేవ్‌లెంగ్త్‌లో ఇరవయ్యో వంతు సరిపోతుంది, 40 మీటర్ల బ్యాండుకు సుమారు రెండు మీటర్లు. చూరు వెంట వేస్తే కనిపించదు. తర్వాత చోక్ పెట్టి, పెద్ద వైరు పొడవును మళ్లీ కొంచెం సవరించుకోండి. రెండో చోక్ కోయాక్స్ ఇంట్లోకి వచ్చేచోట పెట్టండి. మొదటిది మీ ఆర్‌ఎఫ్‌ను (మీరు పంపే రేడియో శక్తిని) బయట ఆపుతుంది, రెండోది ఇంటి చెత్తను లోపల ఆపుతుంది. ఒక్కదానికే డబ్బులుంటే మొదటిది.

పెట్టాక 14.074 మెగాహెర్ట్జ్‌లో కాసేపు ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతి) పంపి, పీఎస్‌కే రిపోర్టర్ వెబ్‌సైట్ మ్యాపులో చుక్కలు చూడండి. ఎవరు, ఎంత దూరంలో, ఎంత బలంగా విన్నారో అక్కడే ఉంటుంది.

వైరు చివర ఎక్కడుందో కూడా చూసుకోండి. 100 వాట్లకు అక్కడ వందల వోల్టులు ఉంటాయి, పక్కింటి పిల్లలు ఆడే కంచెకు కట్టకండి. 2021 నుంచి ఎఫ్‌సీసీ నిబంధనలు మారాయి, తక్కువ పవర్ కదా అని ఆర్‌ఎఫ్ ఎక్స్‌పోజర్ (మనుషులకు తగిలే రేడియో శక్తి) లెక్క వేయకుండా వదిలేయడానికి లేదు. బెడ్‌రూమ్ పైన ఆటిక్‌లో వైరు పెట్టేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

సమస్య: ఆటిక్‌లో పెట్టాను, ఏమీ వినపడదు

టార్చి పట్టుకుని పైకెక్కి పైకప్పు చెక్కల లోపలి ముఖం చూడండి. వెండిలా మెరుస్తోందా? ఎండ వేడిని ఆపడానికి వేసే అల్యూమినియం రేకు అది. ఎండ ఎక్కువ ఉండే టెక్సాస్ లాంటి చోట్ల కొత్త ఇళ్లలో ఇది మామూలే. వేడితో పాటు సిగ్నల్‌నూ ఆపుతుంది. రేకు ఉంటే ఆటిక్ వదిలేయండి, ట్యూనర్ ఎంత ఖరీదైనా లాభం లేదు. రేకు లేకపోతే ఏసీ డక్టులకు, కరెంటు వైర్లకు వీలైనంత దూరంగా వైరు లాగండి. వంపులు వచ్చినా ఫర్వాలేదు.

మిగతావి అరుదు. కోయాక్స్‌లోకి నీరు దిగడం, తుప్పుపట్టిన గటర్ అతుకుల దగ్గర సిగ్నళ్లు కలగాపులగం కావడం జరుగుతాయి గానీ తక్కువమందికి. వీధి చివర కరెంటు స్తంభం దగ్గర హోరు పెరిగితే స్తంభాన్ని ముట్టుకోకండి, దాని మీదున్న నంబరు రాసుకుని కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి.