స్లైడ్స్‌తో మాట్లాడబోతున్నారా, ముందు ఇవి చూసుకోండి

సెమినార్లు, ప్రాజెక్ట్ వైవాలు దగ్గరపడుతున్నాయి కదా, స్టేజ్ ఎక్కేముందు ఇవి మాత్రం వదలొద్దు.

- స్లైడ్స్ లేకపోయినా మాట్లాడగలరా? ఒక్కసారి అవేమీ చూడకుండా మొత్తం చెప్పి చూసుకోండి. ప్రొజెక్టర్ మొరాయిస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు, పడ్డ కష్టమంతా పోతుంది, అది చూస్తుంటే నిజంగా బాధేస్తుంది.

- పీడీఎఫ్ కాపీ కూడా పెట్టుకోండి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. మీరు వాడిన తెలుగు ఫాంట్ అక్కడి కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి లేదా లైన్లన్నీ చెదిరిపోతాయి, పీడీఎఫ్‌లో అయితే ఫాంట్ ఫైల్‌తో పాటే వస్తుంది కాబట్టి ఆ గొడవ ఉండదు.

- మీ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీ పోర్టు మాత్రమే ఉంటే, ప్రొజెక్టర్ కేబుల్ తగిలించుకోవడానికి హెచ్‌డీఎంఐ అడాప్టర్ మీరే తీసుకెళ్లండి. అన్ని సీ పోర్టులూ వీడియో పంపవు, ముందే టెస్ట్ చేయండి.

- చివరి వరసలో కూర్చుని చూడండి. అక్షరాలు 24 పాయింట్ల కంటే చిన్నగా ఉంటే వద్దు.

- గ్రాఫ్‌లో ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపించకండి, కొంతమందికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పక్కన పేర్లు రాయండి.

- నోటిఫికేషన్లు ఆఫ్.

- పవర్‌పాయింట్ షో నడుస్తుండగా కీబోర్డ్‌లో బీ (B) నొక్కితే తెర నల్లగా అవుతుంది, మళ్లీ నొక్కితే తిరిగొస్తుంది. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి, ప్రాక్టీస్‌లో ఒకసారి ట్రై చేయండి.