లింకు నొక్కితే వేరే బ్రౌజర్ తెరుచుకుంటోందా?

మొన్న అమలాపురం వెళ్తే మా బాబాయి ఫోన్ చేతికిచ్చి, "ఒరేయ్, కొబ్బరికాయల ధర చూద్దామని వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే ఏదో తెలియని బ్రౌజర్ తెరుచుకుంటోందిరా, నిండా ప్రకటనలే" అన్నారు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి ఫోన్ మొత్తం రీసెట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి, దాచుకున్న ఫొటోలు పోతాయి.

ఆండ్రాయిడ్‌లో ఏ బ్రౌజర్ డిఫాల్ట్‌గా ఉంటే లింకులు దాంట్లోకే వెళ్తాయి. కొత్త బ్రౌజర్ వేసినప్పుడు అది అడిగేదానికి చదవకుండా సరే అంటే డిఫాల్ట్ మారిపోతుంది. బాబాయి ఫోన్‌లో జరిగింది ఇదే. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో బ్రౌజర్ యాప్. అక్కడ క్రోమో, ఫైర్‌ఫాక్సో, మీరు వాడేది ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో ఈ దారి కాస్త తేడాగా ఉంటుంది. సెట్టింగ్స్ పైన వెతికే చోట డిఫాల్ట్ అని కొడితే దొరుకుతుంది.

యూట్యూబ్ లింకు యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంటే అది వేరే సంగతి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, ఆ సైటు లింకులు తెరిచే అనుమతి యాప్‌కి లేకపోతే అవి నేరుగా బ్రౌజర్‌కే వెళ్తాయి. యాప్ ఐకాన్‌ని నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, 'ఓపెన్ బై డిఫాల్ట్'లో సపోర్టెడ్ లింక్స్ ఆన్ చెయ్యండి.

బాబాయి ఫోన్‌లోంచి ఆ తెలియని బ్రౌజర్‌ని తీసేశాం కూడా. మీరూ తీసేస్తుంటే, ముందు అందులో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.