గుడ్డ టాప్ మీద సన్నటి దుమ్ము పోవాలంటే

మా థార్ జీపుకి నల్లటి సాఫ్ట్ టాప్, అంటే గుడ్డతో చేసిన పైకప్పు. పక్కన ఇల్లు కడుతున్నారు, పొద్దున లేచి చూస్తే టాప్ మీద బూడిద చల్లినట్టు సిమెంట్ దుమ్ము. తడిగుడ్డతో తుడిస్తే అది బురదై నేత సందుల్లోకి దిగి, ఆరాక తెల్లటి చారలు పడేవి.

ఇప్పుడు నీళ్లు ముట్టుకోకుండానే చేస్తున్నాను. టాప్ పొడిగా ఉన్నప్పుడు మెత్తటి బట్టల బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి, ఒకే దిక్కుగా, నొక్కకుండా దులపాలి. రెండో చేత్తో వెనకే వాక్యూమ్ గొట్టం నడిపిస్తే లేచిన దుమ్ము మళ్లీ అక్కడే కూర్చోదు. కుట్ల దగ్గర మాత్రం మొండిగా పట్టుకుని ఉంటుంది. అక్కడ 2 అంగుళాల మాస్కింగ్ టేప్‌ని జిగురు బయటికి వచ్చేలా వేళ్లకు చుట్టుకుని అద్ది తీయండి, రుద్దొద్దు. మొత్తం 15 నిమిషాల పని, మాకైతే వాటర్ వాష్‌కి వెళ్లడం బాగా తగ్గింది.

రాత్రి మంచు పడి టాప్ చెమ్మగా ఉంటే ఇది పనిచేయదు, ఎండ వచ్చి ఆరేదాకా ఆగాలి. వెనక ప్లాస్టిక్ కిటికీ మీద బ్రష్ అస్సలు పెట్టకండి, గీతలు పడితే పోవు. అక్కడ ముందు నీళ్లు పోసి దుమ్ము జారిపోయాకే మెత్తటి గుడ్డ వాడండి.